చేయి వణికేవారికి అడుగు ఎందుకు తడబడుతుంది?

పాఠకుల ప్రశ్నలు – వైద్యుని సమాధానాలు

వయసు మళ్ళినవారిలో చేతులు వణకడానికి పార్కిన్సన్స్ వ్యాధి కంటే ఎసెన్షియల్ ట్రెమర్ అనే సమస్యే ఎక్కువగా కారణమవుతుందని గత సంచికలో ఒక సమాధానంలో రాశాను. అది చదివి ఉత్తరాలు రాసినవారిలో చాలామంది ఈసారి చేతుల గురించి కాక, పడిపోవడం గురించి అడిగారు. వణుకు ఉన్నవారు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు చేతులే చాపి చూపిస్తారు, వైద్యులం మేమూ ఆ చేతులే చూసి మందు రాస్తాం; తుంటి ఎముక విరిగాక గానీ నడక సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. ఆ అలవాటు మారాలన్న కోరికతో ఈ సంచికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మ వయసు 71. నలభై ఐదేళ్ళప్పటి నుంచే ఆమెకు చేతులు వణికేవి. మా తాతగారికీ అలాగే ఉండేది. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటుంది, సూదిలో దారం ఎక్కించడం ఎప్పుడో మానేసింది. ఈ మధ్య తల కూడా అడ్డంగా ఊగుతోంది. నరాల డాక్టరు గారు ఇది పార్కిన్సన్స్ కాదని, ఎసెన్షియల్ ట్రెమర్ అని, ప్రాణభయం లేదని చెప్పారు. అయితే ఈ ఏడాదిలో అమ్మ రెండుసార్లు పడింది. ఒకసారి పెరట్లో బట్టలు ఆరేసి వెనక్కి తిరుగుతూ, మరోసారి పెళ్ళిలో ఎవరో వెనక నుంచి పిలిస్తే చటుక్కున తిరిగి. వయసు పైబడితే మామూలేనని బంధువులు అంటున్నారు. వణుకుకూ పడిపోవడానికీ ఏమైనా సంబంధం ఉందా?
— ఒక సోదరి, తెనాలి

సమాధానం: సంబంధం ఉందమ్మా. రెండుసార్లూ వెనక్కి తిరిగేటప్పుడే పడ్డారని మీరు గమనించి రాయడం చాలా మేలు చేసింది. చాలామంది "ఊరికే పడిపోయారు" అని మాత్రమే చెబుతారు.

మనం గ్లాసు అందుకోబోయినప్పుడు చేయి ఎంత దూరం వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో ఎప్పటికప్పుడు సరిదిద్దే పని చిన్నమెదడుది. చిన్నమెదడు నుంచి థాలమస్ (మెదడు నడిమధ్యలో కబుర్లను అందుకుని పంపే కూడలి) మీదుగా పెద్దమెదడుకు వెళ్ళే నాడీమార్గంలో అదుపు తప్పిన లయ ఒకటి ఏర్పడడం వల్ల, పని చేసేటప్పుడు గానీ చేతులు చాచినప్పుడు గానీ సెకనుకు 4 నుంచి 12 సార్ల వరకు వణుకు పుడుతుంది. ఇదే ఎసెన్షియల్ ట్రెమర్. పార్కిన్సన్స్‌లో ఇందుకు భిన్నంగా చేయి ఒడిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు వణుకు ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడ మీరు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, చేతి కదలికను దిద్దే ఆ చిన్నమెదడే, ముఖ్యంగా దాని మధ్యభాగం, మొండెం నిలకడనూ నడకనూ కూడా చూసుకుంటుంది. అందుచేత కొన్నేళ్ళ తరువాత కొందరిలో అడుగు కూడా తడబడుతుంది. తల, గొంతు వణికేవారిలో ఈ నడక ఇబ్బంది మిగిలినవారి కంటే ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనల్లో తేలింది. మీ అమ్మగారి తల ఈ మధ్య ఊగుతోందన్నారు కనుక ఆమె నడకను ప్రత్యేకంగా పరీక్షించవలసిందే.

ఎసెన్షియల్ ట్రెమర్ కేవలం చేతుల జబ్బని వైద్యులు కూడా చాలాకాలం నమ్మారు. రోగులను గీత మీద ఒక కాలి మడమకు మరో కాలి వేళ్ళు తాకేలా నడిపించి చూసినప్పుడు, అదే వయసు ఆరోగ్యవంతుల కంటే వీరు ఎక్కువసార్లు పక్కకు తూలడం 1990ల నుంచి వచ్చిన అధ్యయనాల్లో వెల్లడైంది. 2018లో కదలికల రుగ్మతల నిపుణుల అంతర్జాతీయ సంఘం వణుకులను కొత్తగా వర్గీకరించింది. రెండు చేతులకూ కనీసం 3 సంవత్సరాలుగా వణుకు ఉండి, వణుకు తప్ప మరే నరాల లక్షణమూ లేకపోతే దాన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అన్నారు. దానితోపాటు గీత మీద నడవడంలో తడబాటో, కొద్దిపాటి మతిమరపో తోడైతే ఎసెన్షియల్ ట్రెమర్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. మీ డాక్టరు గారు చెప్పినట్టు ప్రాణభయం లేదన్నది నిజమే. కానీ నడకను పట్టించుకోనవసరం లేదని దాని అర్థం కాదు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. చేతులున్న కుర్చీలో అమ్మగారిని కూర్చోబెట్టి, అక్కడి నుంచి 3 మీటర్ల దూరంలో నేల మీద ఒక గుర్తు పెట్టండి. లేచి, మామూలు నడకతో ఆ గుర్తు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చి, మళ్ళీ కూర్చోమనండి. మీరు పక్కనే నడుస్తూ ఉండాలి, ఆమెను ముట్టుకోకూడదు, అవసరమైతే పట్టుకునేంత దగ్గరగా మాత్రం ఉండాలి. ఇందుకు 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే లెక్క. సమయం కంటే కూడా ఆమె వెనక్కి తిరిగే తీరును శ్రద్ధగా చూడండి: ఒకటి రెండు అడుగుల్లో తిరుగుతున్నారా, చిన్నచిన్న అడుగులు చాలా వేస్తున్నారా, గోడను వెతుక్కుంటున్నారా, కాళ్ళు దూరదూరంగా పెడుతున్నారా? ఆ నడకను సెల్‌ఫోన్‌లో వీడియో తీసి డాక్టరు గారికి చూపిస్తే మీరు పది నిమిషాలు వివరించే దానికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

అయితే తప్పంతా చిన్నమెదడు మీదకే నెట్టకూడదు. ఈ వయసులో పడిపోవడానికి సాధారణంగా నాలుగైదు కారణాలు కలిసి వస్తాయి. శాకాహారులలోనూ, షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ బి12 తగ్గి అరికాళ్ళ స్పర్శ మొద్దుబారుతుంది. అలాంటివారు కుళాయి దగ్గర కళ్ళు మూసుకుని ముఖానికి సబ్బు రాసుకునేటప్పుడు ముందుకు తూలుతారు, ఎందుకంటే పాదం చెప్పని కబురును అంతవరకు కళ్ళే చెబుతున్నాయి. కంటిశుక్లాలు, మోకాళ్ళ అరుగుదల, మెట్లు దిగేటప్పుడు నేలను మసకగా చూపించే రెండు భాగాల కళ్ళద్దాలు కూడా కారణాలే. బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు, కంటి పరీక్ష ఒకసారి చేయించండి. ఆ తరువాత ఫిజియోథెరపిస్టు దగ్గర నిలకడ కోసం ప్రత్యేకంగా ఉన్న వ్యాయామాలు నేర్పించండి. వంటగది గట్టు పట్టుకుని ఒక కాలి మడమకు మరో కాలి వేళ్ళు తాకేలా నడవడం, చేతి ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడం, పక్కలకు అడుగులు వేయడం వంటివి రోజూ చేస్తే ఫలితం ఉంటుంది. రోజూ మామూలుగా నడిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. గుండెకు అది చాలు గానీ, నిలకడను కొంచెం కష్టపెట్టే వ్యాయామం చేస్తేనే పడిపోవడం తగ్గుతుంది.

వెనక నుంచి పిలవవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. ఎదురుగా వచ్చి మాట్లాడాలి. అమ్మగారు కూడా నిలబడిన చోటే మెలి తిరగకుండా, కొంచెం చుట్టు తిరిగి మళ్ళడం అలవాటు చేసుకోవాలి.

ప్రశ్న: మా నాన్నగారు 66 ఏళ్ళ విశ్రాంత ఉపాధ్యాయులు. ఆరేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి, మూడేళ్ళుగా నడకలో తూలుతున్నారు. నడుస్తూ ఉండగా ఏదైనా అడిగితే ఠక్కున ఆగిపోయి, సమాధానం చెప్పి, మళ్ళీ నడుస్తారు. ఇదివరకు చీటీల లెక్కలన్నీ నోటితో చెప్పేవారు, ఇప్పుడు కాగితం మీద రాసినా తప్పులు పోతున్నాయి. ఆసుపత్రిలో మతిమరపు పరీక్ష చేస్తే మార్కులు తక్కువ వచ్చాయి. ఇది అల్జీమర్స్ అవుతుందా? మరో సంగతి, సంబంధం ఉందో లేదో తెలియదు: మా అక్క కొడుక్కి మాటలు ఆలస్యంగా వచ్చాయి, బడిలో చదువు అందడం లేదు.
— పేరు రాయవద్దన్నారు, కరీంనగర్

సమాధానం: మీరు చివర్లో సందేహిస్తూ రాసిన మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే సంబంధం ఉండే అవకాశం ఉంది.

ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు సమస్య ఉన్న పిల్లలకు మాటలు, చదువు ఆలస్యమవుతాయి. ఆ జన్యువులో పాక్షికమైన మార్పు మాత్రమే ఉన్న తాతలు బాల్యంలోనూ యౌవనంలోనూ ఆరోగ్యంగానే ఉంటారు. వారిలో కొందరికి యాభై దాటాక చేతుల వణుకు, నడకలో తూలుడు, లెక్కలూ ఆలోచనా మందగించడం, ఈ మూడూ కలిసి మొదలవుతాయి. దీన్ని వైద్యులు 2001లో మొదటిసారి వర్ణించారు. తండ్రి నుంచి ఈ మార్పు కూతుళ్ళందరికీ సంక్రమిస్తుంది, కొడుకులకు రాదు. కూతురి నుంచి ఆమె బిడ్డకు చేరేటప్పుడు అది పూర్తిస్థాయి మార్పుగా పెరగవచ్చు. తాతగారి వణుకు, కూతురి కొడుకు చదువు ఒకే కుటుంబంలో కనిపించినప్పుడు రక్తంలో ఆ జన్యుపరీక్ష తప్పక చేయించాలి. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉంది. మీ నాన్నగారినీ మేనల్లుడినీ ఇద్దరినీ చూపించండి. ఇది నిర్ధారణ అయితే మీ అక్కయ్యగారు ముందుముందు తీసుకునే నిర్ణయాలకు కూడా అవసరమవుతుంది. కాకపోవచ్చు కూడా, ఆ బాబు ఆలస్యానికి వేరే కారణాలు ఎన్నో ఉంటాయి; కనుక పరీక్ష ఫలితం రాకముందే ఎవరినీ నిందించుకోవద్దు.

ఇక మీరు గమనించిన ఆ ఆగిపోవడం గురించి. నడక తనంతట తాను సాగే పని అని మనం అనుకుంటాం. నిజానికి వయసు పెరిగేకొద్దీ ప్రతి అడుగుకూ మెదడు కొంత శ్రద్ధ ఖర్చు పెడుతుంది. చిన్నమెదడు సరిగా దిద్దలేనప్పుడు ఆ ఖర్చు ఇంకా పెరుగుతుంది. మాట్లాడటానికీ అదే శ్రద్ధ కావాలి కాబట్టి, రెండూ ఒకేసారి కుదరక మనిషి ఆగిపోతాడు. మాట్లాడేటప్పుడు నడక ఆపేసే వృద్ధులు ఆ తరువాతి నెలల్లో ఎక్కువగా పడిపోతున్నారని 1997లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. చేతుల వణుకు ఉన్నవారిలో కూడా, శ్రద్ధ, ప్రణాళిక, మనసును ఒక పని నుంచి మరో పనికి మళ్ళించడం వంటి సామర్థ్యాలు తగ్గినవారికే నడక ఎక్కువగా చెడుతున్నట్టు అధ్యయనాలు చూపాయి. అంటే ఆలోచనను పరీక్షించడం కూడా కాళ్ళను పరీక్షించడంలో భాగమే.

ఒక విధంగా మీ నాన్నగారు ఆగి సమాధానం చెప్పడం ఆయన తనను తాను కాపాడుకోవడమే. "నడుస్తూ మాట్లాడలేవా" అని తొందరపెట్టవద్దు. నడకలో ఫోన్ ఎత్తకూడదని ఆయనకు చెప్పండి. ఫోన్ మోగితే ముందు ఆగాలి, గోడో కుర్చీయో పట్టుకోవాలి, అప్పుడు మాట్లాడాలి. చేతిలో పాలగిన్నె, పేపరు, తాళంచెవులు పట్టుకుని గదులు దాటడం కూడా ఇలాంటి రెండు పనులే, అందుకని భుజానికి ఒక సంచి తగిలించండి.

మార్కులు తక్కువ వచ్చినంత మాత్రాన అల్జీమర్స్ అనుకోకండి. అల్జీమర్స్‌లో మొదట దెబ్బతినేది సాధారణంగా కొత్త విషయాలను గుర్తుంచుకోవడం; మీరు వర్ణించినది అలా లేదు. పైగా ఆ పరీక్ష ఎలా జరిగిందో అడగవలసి ఉంది. చాలాచోట్ల వాడే మోకా పరీక్షకు మొత్తం 30 మార్కులు. అందులో గడియారం బొమ్మ గీయడం, ఘనచతురస్రాన్ని చూసి గీయడం, అంకెలనూ అక్షరాలనూ గీతతో కలపడం ఉంటాయి. చేయి వణికే మనిషి గడియారం ముల్లు వంకరగా గీస్తే అది చేతి దోషం గాని బుద్ధి దోషం కాదు. పరీక్ష చేసేవారు ఈ తేడా చూడకపోతే ఊరికే మూడు నాలుగు మార్కులు పోతాయి. నోటితో సమాధానం చెప్పే ప్రశ్నల్లో ఆయన ఎలా చేశారో విడిగా చూడమనండి. పరీక్ష తెలుగులోనే జరగాలని కూడా పట్టుబట్టండి. తెలుగువారి కోసం మార్చి తయారుచేసిన పరీక్షలు ఉన్నాయి, నిమ్స్‌లో ఏళ్ళుగా వాడుతున్నారు. వినికిడి లోపం, దిగులు, నిద్రలేమి, థైరాయిడ్, బి12, వాడుతున్న మాత్రలు, వీటిలో ఏది ఉన్నా మార్కులు తగ్గుతాయి, సరిచేస్తే మళ్ళీ పెరుగుతాయి.

ప్రశ్న: నాకు 69 ఏళ్ళు. చేతుల వణుకుకు ప్రొప్రనలోల్, ట్రైహెక్సిఫెనిడిల్. నిద్ర కోసం క్లోనజెపామ్. కళ్ళు తిరుగుతున్నాయంటే సిన్నరిజిన్. గ్యాస్‌కు రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్. ఇవి ముగ్గురు డాక్టర్లు వేర్వేరుగా రాసినవి. ఏడాదిగా అన్నీ వేసుకుంటున్నాను. వణుకు తగ్గకపోగా నడక నెమ్మదించింది, రాత్రిపూట మూత్రానికి లేచినప్పుడు మూడుసార్లు పడ్డాను. ఇంకేదైనా బలమైన మందు ఉందా?
— ఒక పెద్దాయన, అనకాపల్లి

సమాధానం: మీకు కావలసింది ఇంకొక మందు కాదని, ఉన్న మందుల లెక్క సరిచూడడమని నా గట్టి నమ్మకం. మీరు రాసిన అయిదింటిలో పడిపోవడంతో సంబంధం లేనిది ఒక్కటి కూడా లేదు.

సిన్నరిజిన్, లెవోసల్పిరైడ్ అనే రెండూ మెదడులో కదలికలు సాఫీగా సాగడానికి కావలసిన డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. నెలల తరబడి వాడితే, ముఖ్యంగా వృద్ధుల్లో, నడక నెమ్మదించడం, ఒళ్ళు బిగుసుకోవడం, కొత్త వణుకు రావడం జరుగుతాయి. చూడటానికి అచ్చం పార్కిన్సన్స్ లాగే ఉంటుంది. గ్యాస్ మాత్ర వల్ల నడక చెడుతుందంటే ఎవరూ సులభంగా నమ్మరు, అందుకే ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను. కడుపుబ్బరం అని మందుల షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ళకేళ్ళు వేసుకునేవారు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. మందు ఆపాక చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో నడక తేరుకుంటుంది.

ట్రైహెక్సిఫెనిడిల్ వయసు మళ్ళినవారిలో మతిమరపును, అయోమయాన్ని, మూత్రం బిగపట్టడాన్ని తెస్తుంది. ఎసెన్షియల్ ట్రెమర్‌కు అది సరైన మందు కూడా కాదు. క్లోనజెపామ్ రాత్రి వేసుకుంటే దాని మగత తెల్లవారుజాము దాకా ఉంటుంది, మీరు మూత్రానికి లేచేది సరిగ్గా ఆ సమయంలోనే. ప్రొప్రనలోల్ చేతుల వణుకుకు నిజంగా పనికొచ్చే మందు. అయితే అది గుండె వేగాన్నీ రక్తపోటునూ తగ్గిస్తుంది, ఆస్తమా ఉన్నవారికి పనికిరాదు. ఒకవేళ మీకు ప్రిమిడోన్ మారుస్తామంటే, మొదటి రోజుల్లో దానివల్ల మగత, తూలుడు వస్తాయని ముందే తెలుసుకుని చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టమని అడగండి. టోపిరమేట్ ఇస్తే మాట వెతుక్కోవలసి రావడం, ఆలోచన మందగించడం కొందరిలో కనిపిస్తాయి.

ఇవన్నీ చదివి రేపే మాత్రలన్నీ పారేయవద్దు. ప్రొప్రనలోల్‌ను హఠాత్తుగా ఆపితే గుండెకు ప్రమాదం, క్లోనజెపామ్‌ను హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మాత్రల అట్టలన్నీ, షాపులో అడిగి కొన్నవాటితో సహా, ఒక సంచిలో వేసుకుని నరాల డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి, ఏది ముందు ఆపాలి, ఏది మెల్లగా తగ్గించాలి అని ఒక్కరి చేతనే నిర్ణయింపజేయండి. అక్కడే ఇంకొక పరీక్ష అడగండి: అయిదు నిమిషాలు పడుకున్నాక ఒకసారి, లేచి నిలబడ్డ 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్ళీ రక్తపోటు చూడాలి. నిలబడ్డాక పై అంకె 20 గాని కింది అంకె 10 గాని తగ్గితే, లేవగానే మెదడుకు రక్తం చాలడం లేదన్నమాట. కుర్చీలో కూర్చోబెట్టి చూసే మామూలు బీపీ పరీక్షలో ఇది ఎన్నటికీ బయటపడదు.

ఈలోగా రాత్రి మెలకువ రాగానే మంచం అంచున కూర్చుని పాదాలను పైకీ కిందికీ కాసేపు ఆడించి, ఆ తరువాతే లేవండి. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా చిన్న లైటు వెలుగుతూ ఉండనివ్వండి. దూరమైతే మంచం పక్కనే మూత్రపాత్ర పెట్టుకోండి. దానికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ప్రశ్న: సాయంత్రం కొంచెం బ్రాందీ పుచ్చుకుంటే చేతులు నిలకడగా ఉంటున్నాయి. అలవాటు లేనివాడినే, మందుగా వాడవచ్చా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

సమాధానం: వద్దు. మద్యం ఎసెన్షియల్ ట్రెమర్‌ను కొన్ని గంటలపాటు తగ్గిస్తుందన్నది నిజమే, ఆ తరువాత వణుకు మునుపటికంటే ఎక్కువై తిరిగి వస్తుంది. చేతిని నిలబెట్టిన ఆ మద్యమే కాలిని తూలనిస్తుంది, దీర్ఘకాలంలో చిన్నమెదడును దెబ్బతీస్తుంది. మద్యంతో తగ్గుతోందన్న సంగతి మాత్రం డాక్టరు గారికి దాచకుండా చెప్పండి, రోగ నిర్ధారణకు అది పనికొస్తుంది.

ప్రశ్న: మా వారికి ఎనిమిదేళ్ళుగా పార్కిన్సన్స్. గది గుమ్మం దగ్గరకు రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి, పైభాగం ముందుకు వెళుతుంది, పడిపోతారు. నేను చేయి పట్టుకుని లాగుతాను. పది రోజుల క్రితం బాత్‌రూమ్‌లో పడి తల వెనక దెబ్బ తగిలింది. రక్తం రాలేదు, ఆసుపత్రికి వెళ్ళలేదు. గుండెకు క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. నిన్నటి నుంచి కొంచెం మగతగా ఉన్నారు.
— ఒక సోదరి, వరంగల్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే మీరు రాసిన నంబరుకు ఫోన్ చేయించి, ఆయనను వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళి తలకు సీటీ స్కాన్ తీయించమని చెప్పించాను. మిగిలిన పాఠకుల కోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. వృద్ధుల తలకు దెబ్బ తగిలినప్పుడు, ముఖ్యంగా రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారిలో, పుర్రె లోపల రక్తం కొద్దికొద్దిగా ఊరి, రోజులో వారాలో గడిచాక మగత, తలనొప్పి, అయోమయం, ఒక పక్క బలహీనత రూపంలో బయటపడవచ్చు. వణుకు జబ్బు ఉన్న మనిషి కాబట్టి ఇదీ ఆ జబ్బే అనుకుని ఊరుకోవడం చాలా ప్రమాదం. పడినప్పుడు రక్తం కనిపించకపోవడం ధైర్యానికి కారణం కాదు. మగతో వాంతులో ఉంటే 108కి ఫోన్ చేయండి.

గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోవడం పార్కిన్సన్స్‌లో తరచు కనిపించేదే. ఆ క్షణంలో చేయి పట్టి లాగితే మొండెం ముందుకు వస్తుంది, పాదాలు మాత్రం అక్కడే ఉంటాయి, పడేది అందుకే. లాగకండి. "ఆగండి, నిటారుగా నిలబడండి" అని చెప్పి, బరువును ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదకు రెండు మూడుసార్లు మార్పించి, "ఒకటి, రెండు" అని లెక్క చెబుతూ పెద్ద అడుగు వేయించండి. గడపకు ముందు నేల మీద అడుగు అడుగుకూ అడ్డంగా రంగు టేపు అతికిస్తే, ఆ గీతను దాటాలన్న ఆలోచనతో చాలామందికి పాదం లేస్తుంది. మాటలతో, కంటి గుర్తులతో మెదడుకు వేరే దారి చూపించడం ఇందులోని కిటుకు. మందు వేసుకునే వేళకు ముందు, అంటే పాత మోతాదు ప్రభావం తగ్గిన సమయంలో, ఇది ఎక్కువవుతుంటే ఆ గంటలు రాసి డాక్టరు గారికి చూపించండి. పార్కిన్సన్స్‌కు వాడే ముఖ్యమైన మందు లెవోడోపా వేళలు మార్చడంతో కొంత మెరుగు కనిపిస్తుంది.

బాత్‌రూమ్ గురించి మన ఇళ్ళలో చేయవలసింది చాలా ఉంది. నున్నటి టైల్స్ మీద సబ్బునీళ్ళు, ఒక అంగుళం ఎత్తు గట్టు, అరిగిపోయిన రబ్బరు చెప్పులు, నిలబడి చెంబుతో నీళ్ళు పోసుకోవడం, ఈ నాలుగూ కలిస్తే ఆరోగ్యవంతుడికే కష్టం. ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి స్నానం చేయించండి, అడుగున జారని రబ్బరు పట్టా వేయండి, గోడకు స్క్రూలతో బిగించిన ఉక్కు కడ్డీ పెట్టించండి. తువ్వాలు ఆరేసే సన్నని రాడ్డును ఊతంగా వాడనివ్వవద్దు, మనిషి బరువుకు అది ఊడి వస్తుంది. లోపలి గొళ్ళెం తీసేయండి. పంచె అంచు పాదాల కింద పడకుండా చీలమండకు పైనే ఉండాలి. సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను: చైనా పద్ధతిలోని తాయ్ చీ అనే నెమ్మదైన వ్యాయామాన్ని వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు చేసిన పార్కిన్సన్స్ రోగులు, సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారి కంటే తక్కువసార్లు పడ్డారని 2012లో అమెరికాలో జరిగిన అధ్యయనం చూపింది. వ్యాధి తొలి, మధ్య దశల్లో ఉన్నవారు దీన్ని నేర్చుకోవచ్చు.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మ రాజమండ్రిలో ఒంటరిగా ఉంటుంది, వయసు 74, ఎసెన్షియల్ ట్రెమర్ బాగా ముదిరింది, అన్నం చెంచాతో కూడా తినలేకపోతోంది. మందులు పనిచేయలేదు. కోత లేకుండా అల్ట్రాసౌండ్‌తో వణుకు తగ్గించే చికిత్స చేయిద్దామనుకుంటున్నాను. నడకలో కొంచెం తూలుడు ఉంది. అది కూడా తగ్గుతుందా?
— ఒక పాఠకుడు

సమాధానం: తగ్గుతుందని ఆశపెట్టుకోవద్దు. ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి అల్ట్రాసౌండ్ తరంగాలను థాలమస్‌లోని ఒక చిన్న బిందువు మీదకు కేంద్రీకరించి, ఆ బిందువును వేడితో పనిచేయకుండా చేసే చికిత్స ఇది. అమెరికాలో దీనికి 2016లో ఒక పక్క చేతి కోసం అనుమతి వచ్చింది. అన్నం తినలేని చేయి మళ్ళీ అన్నం తినగలగడం చిన్న విషయం కాదు, మీ ఆలోచనను నేను తప్పుపట్టడం లేదు. కానీ దీని తరువాత వచ్చే దుష్ఫలితాల్లో ముఖ్యమైనవి తిమ్మిరి, నడకలో తూలుడు. చాలామందిలో అవి వారాల్లో, నెలల్లో తగ్గుతాయి, కొందరిలో మిగిలిపోతాయి. ముందే తూలేవారికి ఆ కొద్దిపాటి అదనపు తూలుడే పడిపోవడానికి చాలు.

మెదడులో సన్నని తీగ అమర్చి విద్యుత్ ప్రేరణ ఇచ్చే డీబీఎస్ రెండో మార్గం. వణుకు కోసం థాలమస్‌లో దీన్ని 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ బృందం మొదలుపెట్టింది. రెండు పక్కలా అమరిస్తే మాట ముద్దగా రావడం, నడక తూలడం పెరగవచ్చు. అయితే ప్రేరణ మోతాదును తగ్గించే, మార్చే వీలు ఇందులో ఉంది. ఇది ఆపరేషన్ కనుక 74 ఏళ్ళ వయసులో ఆ భారాన్ని కూడా తూకం వేయాలి.

ఏ చికిత్స అయినా ముందు రోజుల్లో గీత మీద నడక, 3 మీటర్ల పరీక్ష, తెలుగులో ఆలోచనాశక్తి పరీక్ష చేసి ఫలితాలు కాగితం మీద రాయించండి, చికిత్స తరువాత పోల్చి చూడటానికి వేరే ఆధారం ఉండదు. అమ్మగారు ఎక్కువగా వాడే చేతినే ఎంచుకోవాలి. చికిత్స అయిన మొదటి వారాల్లోనే తూలుడు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, రాత్రిపూట కూడా ఆమెతో ఉండే మనిషి కుదిరిన తరువాతే ఆసుపత్రిలో తేదీ తీసుకోండి.